లంగరు మీద తమ్ముడు, మంచం మీద అక్క

మాల్దీవుల ఉత్తర కొసన,
పేరు నోరు తిరగని ఒక దీవి ముందు, లంగరు మీద నుంచి.
ఫిబ్రవరి చివర.

మహాలక్ష్మీ సమానురాలు, గద్వాల మంచాధీశ్వరి సుహాసినీ దేవి గారికి, ఆమె ఏకైక తమ్ముడు, గోపాల్‌పేట నౌకాదళాధిపతి సాయితేజ వంగి, పడవ ఊగడం వల్ల ఇంకొంచెం వంగి, నమస్కరించి రాయునది.

ఈ దీవిలో వైఫై ఉన్నది ఒకే ఒక్క కిరాణా కొట్టు దగ్గర. కాల్ చేస్తే నీ గొంతు వస్తుంది, మాట రాదు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది గానీ కలం పట్టొద్దనలేదు కదా.

నాయన ఊళ్ళో "మావోడు షిప్పుల పనిచేస్తుండు" అని చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ, ఆపకు. నీకు మాత్రం నిజం చెప్తాను. ఇది షిప్పు కాదు, తెరచాప పడవ. మన పశువుల కొట్టం దీనికంటే విశాలం. షిప్పు మీద నుంచి చూస్తే మేం కనిపించం, మా భయం కూడా అదే. దీని మీద ఇద్దరమే మనుషులం. ఒకరు పాల్ సారు. అచ్చంపేట మనిషి, నేవీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, భార్య పోయాక ఇల్లమ్మి ఈ పాత పడవ కొన్నాడు. రెండోవాణ్ణి నేను. బీకాం పాసై, వనపర్తి బస్టాండులో కోచింగ్ సెంటర్ కరపత్రాలు పంచుతూ, పాల్ సారు చెల్లెలి ఇంట్లో అద్దెకున్న పాపానికి ఆయనకు దొరికాను.

దినచర్య విన్నవిస్తాను. పొద్దున లేవగానే ముఖం కడుక్కోను, లంగరు చూసుకుంటాను. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు, దాని వెనక నీలం నీళ్ళ ట్యాంకు. రెండూ ఒకే వరసలో కనిపిస్తే నిన్న ఉన్నచోటే ఉన్నట్టు. ట్యాంకు పక్కకు జరిగిందంటే జరిగింది ట్యాంకు కాదు, మేము. స్నానం ఉప్పునీళ్ళతో. ఒంటి సబ్బు ఆ నీళ్ళలో నురగ ఇవ్వదు, అందుకని గిన్నెలు తోమే ద్రవంతో నన్ను నేను తోముకొని, ఆఖరున ఒక్క చెంబు మంచినీళ్ళు పోసుకుంటాను. పొయ్యి ఉయ్యాలలా వేలాడుతుంది, పడవ ఎటు ఒరిగినా దాని మీది గిన్నె ఒరగదు. ఈ పడవలో నిబ్బరం ఉన్నది దానికొక్కదానికే. పాయిఖానాకు చేతిపంపు ఉంది. కొట్టాక దాని మూత బిగించడం మరిస్తే సముద్రం లోపలికి వస్తుందట. ఇంత బాధ్యత నాకు బీకాంలో ఎవరూ నేర్పలేదు.

పడుకునేటప్పుడు దొర్లి కింద పడకుండా బల్లకు అడ్డంగా గుడ్డ కట్టుకుంటాను. తొట్టెలలో ఉన్నట్టే ఉంటుంది. నీ బిడ్డ కంటే ముందు నేనే తొట్టెలెక్కాను.

నీ గడువు జూన్ మొదట్లో కదా. గాలి మొండికేసేలోపు, ఏప్రిల్లోనే మేం కొచ్చిన్ చేరతాం. మేనమామ హాజరు లేకుండా ఆ బిడ్డ భూమ్మీదికి రావడానికి ఈ నౌకాదళం అనుమతించదు.

తమ భక్తుడు,
తేజ


గద్వాల, మధ్య గది, కిటికీ పక్క మంచం.
మార్చి మొదట్లో.

తమ్ముడు తేజకు,

నీ ఉత్తరం మీ బావ చదివి వినిపిస్తానంటే లాక్కున్నాను. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది అదొక్కటే.

నీ పడవ ఒక వైపు ఒరిగి మళ్ళీ లేస్తుంది కదా. నా మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తారు. తల కిందికి, కాళ్ళు పైకి. ఇది ఒరిగింది ఒరిగినట్టే ఉంది. గర్భసంచికి కుట్టు వేశారు, అది నిలవాలంటే నేను కదలకూడదు. పక్కకు తిరగాలన్నా పర్మిషన్. మా అత్తమ్మ గడప దగ్గర పీట వేసుకొని, ఉల్లిగడ్డలు తరుగుతూ నన్ను కాపలా కాస్తోంది. "సుమ్నె పండుకో సుహా" అంటుంది. సుమ్నె అంటే ఊరికే అని. పాపం, ఆమెది సరిహద్దు అవతల రాయచూరు, కన్నడం కోపంలోనూ ప్రేమలోనూ బయటికొస్తుంది. ఏ సుమ్నె కోపమో, ఏది ప్రేమో ఇంకా తెలియలేదు.

నీ చేతిపంపు సంగతి చదివి నవ్వితే ఆమె పరుగెత్తుకొచ్చింది. "నవ్వకు! కుట్టు ఊడుతది! వాడు ఏం రాసిండో జర నాకు చెప్పు, నేను నవ్వుత" అన్నది. చెప్పాను. కొంగు నోట్లో పెట్టుకొని వంటింట్లోకి పోయి నవ్వింది.

కిటికీలోంచి పక్కింటి గోడా, దాని మీద ఎండేసిన బిందెలూ కనిపిస్తాయి. పొద్దున రాగి బిందె మెరుస్తుంది, మధ్యాహ్నం స్టీలు బిందె. అదే నా సినిమా. నేను పాఠం చెప్పే బడి పిల్లలు నాకు కార్డు చేసి పంపారు, అందులో నేను కొండంత పొట్టతో నిలబడి ఉన్నాను. నిలబడటం చూస్తే ఏడుపొచ్చింది.

ఇక అసలు మాట. ఇంతకుముందు రెండుసార్లూ ఐదో నెల దాటలేదు. ఇప్పుడు ఏడో నెల పడింది. ఇంట్లో అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు, గాజుసామాను పక్కన నడిచినట్టు. అమ్మ గోపాల్‌పేట నుంచి వారం వారం వచ్చి, నన్ను చూసి, కళ్ళొత్తుకుంటూ బస్సెక్కుతుంది. నువ్వొక్కడివే నాతో మామూలుగా ఉంటావు. అందుకే అడుగుతున్నాను. కాన్పుకు నువ్వు ఉండు. నువ్వేం చెయ్యక్కర్లేదు. బయట బెంచీ మీద కూర్చొని, లోపలికి వినిపించేటట్టు ఏదో ఒక తిక్క మాట మాట్లాడితే చాలు.

సుహాసిని


అదే దీవి, అదే లంగరు.
మార్చి చివర.

అక్కా,

కొబ్బరిచెట్టూ, ట్యాంకూ ఇంకా ఒకే వరసలో ఉన్నాయి. ఇది శుభవార్తగా మొదలుపెడుతున్నాను, ఎందుకంటే మిగతావాటిలో శుభం తక్కువ.

బయల్దేరుదామని లంగరు ఎత్తబోయిన రోజే ఇంజను ఉడికిపోయింది. దాన్ని చల్లబరిచే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఒకటి ఉంటుంది, నా అరచేతిలో సగం. ఆ రెక్కలు విరిగి ఎటో పోయాయి. కొత్తది కొచ్చిన్ నుంచి సరుకుల పడవలో రావాలి. అప్పటిదాకా తెరచాప మీద పోదామంటే గాలి చచ్చిపోయింది. ఆ చాపకు మాసిక వేసి, మైనం రాసి, మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను. తెరచాప కట్టిన పడవకు గాలి లేకపోతే అది తేలే ఇల్లు కూడా కాదు, తేలే అలమార.

ఒడ్డుకు పోవచ్చు, కానీ సాయంత్రంలోపు తిరిగి పడవెక్కాలి. ఈ దీవి చుట్టూ నడిచి రావడానికి ఒక పాట పొడుగు పడుతుంది. కొట్టతను నన్ను చూసి నవ్వడం మానేశాడు, వీడు గిరాకీ కాదు, వాతావరణం అనుకుంటున్నాడు.

మొన్న ధైర్యం చేసి పాల్ సారును అడిగాను.

"సార్, నన్ను దించెయ్యుండ్రి. నేను విమానంల పోత. అక్కకు కాన్పున్నది."

"ఎట్ల పోతవ్? కాయితాల మీద ఇద్దరం వచ్చినం. నువ్వు దిగాల్నంటే నా సంతకం గావాలె."

"పెట్టుండ్రి."

"పెట్ట."

"ఎందుకు?"

"నేనొక్కన్ని ఈ పడవ తీస్కపోలేను గన్క."

ఇంత సూటిగా కాదనే మనిషితో కొట్లాడటం ఎంత కష్టమో నీకు తెలుసా? సాకులు చెబితే కదా పట్టుకోవడానికి పిలక దొరికేది. ఇంతలోనే ఆయన లేచి నా వాటా టీ కూడా పెట్టి ఇచ్చాడు. మంచినీళ్ళు కొలుచుకొని తాగే పడవ మీద అది ఎంత పెద్ద దానమో రాసి చెప్పలేను.

సాయంత్రం ఒక మాట గమనించాను. ఆయన తాడు ముడి వేళ్ళతో తడిమి వేస్తున్నాడు, చూసి కాదు. పాతకాలం నావికుల అలవాటేమో.

దిగులుపడకు. సరుకుల పడవ వస్తుంది, చక్రం వస్తుంది, నేనూ వస్తాను. అప్పటిదాకా మీ అత్తమ్మకు చెప్పు, ఆమె పీట వేసుకున్నట్టే ఇక్కడ నాకూ ఒక కాపలాదారు ఉన్నాడని. ఆయన కన్నడంలో తిట్టడు, అంతే తేడా.

తేజ


గద్వాల.
ఏప్రిల్ మధ్యలో.

తేజా,

ఈ ఉత్తరంలో నవ్వడానికేమీ లేదు. నీ జవాబులో కూడా ఉండకూడదు.

పోయిన వారం ఎర్రబట్ట కనబడింది. మీ బావ కారు మాట్లాడి కర్నూలు తీసుకుపోయాడు. తుంగభద్ర బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగింది. నేను వెనక సీట్లో కాళ్ళు పైకి పెట్టుకొని, కారు పైకప్పును చూస్తూ, ఈసారి కూడా అంతేనా అనుకున్నాను. అత్తమ్మ నా తల ఒళ్ళో పెట్టుకొని ముందున్న లారీని తిడుతూ ఉంది. ఆ తిట్లు రాయలేను. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

కుట్టు నిలిచింది. కొన్ని రోజులు అక్కడే పెట్టుకొని ఇంటికి పంపారు. ఇప్పుడు స్నానం కూడా మంచం మీదే. తడిబట్టతో అత్తమ్మే తుడుస్తోంది. ఆమె రాత్రి నా మంచం పక్కన నేల మీద పడుకుంటోంది. నా చీర కొంగు చివర ఆమె చేతికి చుట్టుకొని పడుకుంటుంది. నేను కదిలితే ఆమెకు తెలవాలట. నిన్న చుట్టుకున్నదాన్ని చూస్తే ఊపిరాడలేదు. విప్పమని అడగబోయి, ఆమె గురక విని ఊరుకున్నాను.

నాకు ఒకటే సమాధానం కావాలి. వస్తావా, రావా? రాలేనంటే రాలేనని రాయి. నేను తట్టుకుంటాను. వస్తానని రాసి రాకపోతే తట్టుకోలేను. ట్యాంకూ కొబ్బరిచెట్టూ నాకొద్దు.

సుహాసిని


అదే దీవి. ఆఖరిసారి.
ఏప్రిల్ చివర.

అక్కా,

వస్తాను.

నువ్వు అడిగినది రాసేశాను. ఇది ఎలా జరిగిందో రాస్తాను.

నీ ఉత్తరం చదివి పడవకు తిరిగొచ్చి, ఏం చెయ్యాలో తెలియక ఉప్మా చేద్దామని రవ్వ డబ్బా తీశాను. గరిటెకు ఏదో తగిలింది. ప్లాస్టిక్ కవరు, అందులో కొత్త రబ్బరు చక్రం. పోయిన వారమే సరుకుల పడవలో వచ్చిందట. నేను కొట్టు దగ్గర నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆయన దింపించుకొని రవ్వలో పాతిపెట్టాడు.

నేనెప్పుడూ పెద్దవాళ్ళ మీద అరవలేదు. ఆ రోజు అరిచాను. ఆయన నన్ను ఆపలేదు. అంతా అయ్యాక మెల్లగా అన్నాడు:

"నా ఎడమ కన్ను పోయింది తేజా. పొద్దుగూకితే కుడిది గూడ పొగ. షిప్పులు తిరిగే తొవ్వ దాటాలె మనం. ఎదురుంగ వచ్చేది షిప్పో చుక్కో నాకు తెల్వదు. నువ్వేమో మొన్ననే నేర్సుకున్న పోరనివి. మునిగితె మీ అక్కకు నేనేం జెప్పాలె?"

"గిది ముందే చెప్పొద్దా సార్?"

"చెప్తె దిగిపోతవని."

"దిగితె మీరేం జేస్తరు?"

"గీడనే ఉంట. ఇంకెక్కడికి పోత? అచ్చంపేటల ఇల్లున్నదా నాకు?"

ఉప్మా చేశాను. ఇద్దరం తిన్నాం. తిన్నాక చక్రం నేనే బిగించాను, ఆయన పక్కన కూర్చొని చెబుతుంటే. ఇంజను తిరిగింది. చీకటి పడ్డాక చూసే పని నాది, పగలు నడిపే పని ఆయనది అని ఒప్పందం. రేపు పొద్దున లంగరు ఎత్తుతున్నాం. గాలి కొద్దిగా పుట్టింది. దారిలో సిగ్నల్ ఉండదు, ఐదారు రోజులు నా నుంచి ఏమీ రాదు. రాకపోతే భయపడకు.

భయం మాట వచ్చింది గనుక ఒకటి చెప్తాను. నేను ఈత నేర్చింది మన బావిలో. బావిలో ఎటు కొట్టుకున్నా గోడ తగులుతుంది. ఇక్కడ మొదటి రోజు నుంచి నేను నీళ్ళలో దిగలేదు. నీకు రాసిన ఆ హాస్యమంతా పడవ మీది నుంచే.

తేజ


కర్నూలు, దవాఖాన.
మే మొదటి వారం.

తేజా,

పాప పుట్టింది. ఆపరేషన్ చేశారు. నెలలు నిండలేదు గనుక అద్దాల పెట్టెలో పెట్టారు. బాగానే ఉంది.

ఎక్కువ రాయలేను, సూది పెట్టింది కుడిచేతికే.

ఒడ్డు చేరగానే ఒక ముక్క రాయి. ఫోటో మాత్రం అడగకు.

అక్క


కొచ్చిన్ ఒడ్డుకు కూతవేటు దూరంలో, లంగరు మీద.
మే రెండో వారం.

అక్కా!

మేనకోడలా! ఇద్దరం కలిసి కూతలు పెట్టాం. పాల్ సారు తన దగ్గరున్న పాత శంఖం లాంటి హారను ఊదితే పక్క చేపల పడవవాళ్ళు ఏమైందో అని వచ్చారు. పాప పుట్టిందంటే రెండు చేపలిచ్చి పోయారు.

ప్రయాణం సాఫీగా జరిగింది. చెప్పుకోదగ్గదేమీ లేదు.

మేం ఇంకా దిగలేదు. బయటి దేశం నుంచి వచ్చిన పడవను తనిఖీ చేసి ముద్ర కొట్టేదాకా కాలు కింద పెట్టకూడదు. వానగాలికి తనిఖీవాళ్ళ పడవ కదలడం లేదు. ఇక్కడి నుంచి రోడ్డు కనిపిస్తోంది. బస్సు కనిపిస్తోంది. బస్సులో కిటికీ దగ్గర నిద్రపోతున్న మనిషి కనిపిస్తున్నాడు. ఎంత అదృష్టవంతుడో వాడికి తెలియదు.

సిగ్నల్ వచ్చిందని బావకు ఫోన్ చేశాను. "అంత మంచిగనే ఉన్నది బామ్మర్ది" అన్నాడు. పాపను వీడియోలో చూపమంటే, "వీడియో వద్దు" అన్నాడు. నీకు ఇవ్వమంటే "పండుకున్నది" అన్నాడు. పొద్దున చేశాను, పండుకున్నావు. మధ్యాహ్నం చేశాను, పండుకున్నావు. సాయంత్రం కూడా. అమ్మకు చేస్తే "ఉన్నది బిడ్డా, ఉన్నది" అని ఏడ్చి పెట్టేసింది.

అక్కా, ఏం ఉన్నది?

ఫోటో ఎందుకు అడగొద్దు? ఏ తల్లయినా ఫోటో అడగొద్దంటుందా? ఉత్తరంలో "బాగానే ఉంది" అని రాశావు. అక్షరాలు నీవి అనిపించలేదు. బాగానే అనే మాటను చూసి చూసి అది నాకు మాటలా కనిపించడం మానేసింది. పాప బతికి ఉందా?

ఈదుకుంటూ పోదామని చొక్కా విప్పాను. పాల్ సారు చూసి కూర్చున్నచోటి నుంచి లేవకుండానే అన్నాడు, "ఈదు. ఒడ్డు మీద పట్టుకుంటరు. కాయితం లేని మనిషివని కూసోబెడ్తరు. అప్పుడు మీ అక్క కాడికి ఎన్నటికి పోతవో లెక్క జేస్కో." చొక్కా మళ్ళీ తొడుక్కున్నాను. గుండీలు ఆయనే పెట్టాడు.

నిజం రాయి. నువ్వు నన్ను అడిగినట్టే అడుగుతున్నాను.

తేజ


కర్నూలు, దవాఖాన.
మరునాడు.

ఒరేయ్ పిచ్చోడా,

పాప బతికే ఉంది. నిన్ననే పెట్టెలోంచి బయటికి తీశారు. ఇప్పుడు నా పక్కలో ఉంది, నీలాగే అనవసరంగా అరుస్తోంది. నువ్వు ఇలా అనుకుంటావని నాకు తోచనే లేదు. నన్ను తిట్టు.

ఫోటో సంగతి విను. బొడ్డుపేగు మెడకు చుట్టుకొని పుట్టింది. మెడలో పేగు వేసుకొని పుడితే మేనమామకు గండమట. మేనమామ బిడ్డ ముఖం నేరుగా చూడకూడదు. అయ్యగారు శాంతి చేసి, మంచి రోజు చూసి, నూనెలో నీడ చూపించాకే చూడాలి. మా అత్తమ్మ ఆపరేషన్ గది బయట డాక్టరమ్మ నోట పేగు మాట వినగానే, పాప ఏడ్చిందా అని కూడా అడగలేదట. "దీని మేనమామ సముద్రం మీదున్నడు" అన్నదట. అంతే, అందరి ఫోన్లూ లాక్కొని తన బ్యాగులో వేసుకుంది, కాల్ వస్తేనో ఉత్తరం పంపాలంటేనో తన ఎదుటే ఇస్తోంది. అమ్మ చేత కూడా ఒట్టు వేయించుకుంది. నీకు పేగు మాట కూడా చెప్పకూడదట, చెబితే నువ్వు భయపడతావని.

నేను సైన్సు టీచర్ను. పేగు ఎందుకు చుట్టుకుంటుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పగలను. అయినా ఫోటో పంపలేదు. నువ్వు నీళ్ళ మీద ఉన్నావు, సిగ్నల్ లేదు. బ్యాగులోంచి ఫోన్ తీసి ఒక్కటి నొక్కితే పోయేది. నొక్కలేకపోయాను. నమ్మకం లేకపోయినా వేలు కదలలేదు.

ఆ రోజుల్లో నీకేమైనా అయిందా? "చెప్పుకోదగ్గదేమీ లేదు" అని రాశావు. నువ్వు బియ్యం కడగడాన్ని కూడా చెప్పుకోదగ్గదిగా రాసేవాడివి. అందుకే అడుగుతున్నాను.

డాక్టరమ్మ వదలగానే గద్వాలకు పోతాం. అక్కడికే రా.

అక్క


గద్వాల, ముందు గది.
నువ్వున్న గదికి నాలుగడుగుల దూరం.

అక్కా,

సముద్రాలు దాటి, రైలు మారి, బస్సు మారి, నీ గడప దాకా వచ్చిన ఈ నావికుణ్ణి మీ అత్తమ్మ చేయి అడ్డం పెట్టి ఆపేసింది. "ఆగు మామా! ఎల్లుండి పొద్దున ముహూర్తం. అందాక ఈ పరద దాటొద్దు." నిన్నయినా చూస్తానంటే, "పోరి దాని ఒళ్ళె ఉన్నది, దాన్ని జూస్తే దీన్ని జూసినట్టే" అన్నది. నీళ్ళ మీద కొలిచి ఇచ్చిన మంచినీళ్ళు తాగాను, ముద్ర కోసం ఆగాను, ఇప్పుడు పరద కోసం ఆగుతున్నాను. కొబ్బరిచెట్టు లేదు, అంతే.

ఈ ఉత్తరం అందించేది ఆమే. చదవనని మాటిచ్చింది, కళ్ళజోడు పెట్టుకుంటే మాత్రం నన్ను పిలువు.

నువ్వడిగింది. దారిలో సగం పోయాక ఎవరో వదిలేసిన వల ఒకటి వచ్చి పడవ అడుగున, పడవను నెట్టే ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను ఆగింది. గాలి కూడా ఆగింది. షిప్పులు పోయే తొవ్వ మధ్యలో, కదలకుండా. దూరంగా ఒకటి పోతే పాల్ సారు "అది మన దిక్కే వస్తున్నదా?" అని నన్ను అడిగాడు. ఆయన అంతసేపూ దాని వైపే చూస్తున్నాడు. ఆయన దిగలేడు. నేనే దిగాలి.

మన బావిలో మోటరు జాలికి నాచు పడితే ముక్కు మూసుకొని దిగి పీకేవాణ్ణి కదా, అదే పని. కానీ బావిలో గోడ పట్టుకొని దిగుతాం. ఇక్కడ తల ముంచి చూస్తే కిందికి ఏమీ లేదు. నీలం, దాని కింద ఇంకా నీలం. వెంటనే పైకొచ్చి నిచ్చెన పట్టుకున్నాను. మళ్ళీ దిగాను, మళ్ళీ వచ్చాను. ఆయన పైనుంచి కసరలేదు, తొందరపెట్టలేదు. "ఊపిరి దీస్కో" అని మాత్రం అన్నాడు. మూడోసారి కిందికి చూడటం మానేసి పడవ అడుగుకు వీపు ఆనించాను. ఇదే గోడ, నేను బావిలో బోర్లా ఉన్నాను అనుకున్నాను. కూరగాయల కత్తితో కోశాను. ఒకసారి వల కాలికి పట్టింది. అప్పుడు నువ్వు అడిగిన బెంచీ గుర్తొచ్చింది. పైకొచ్చేసరికి పడవకు అంటుకున్న గుల్లలకు వీపంతా గీసుకుపోయింది. పాల్ సారు పసుపు రాస్తూ నా కంటే ఎక్కువ మూలిగాడు.

అది పాప పుట్టిన రోజేనా అంటావు. తెలియదు. పడవలో తేదీలు రాసేది పాల్ సారు, ఆయన కన్ను ఎలాంటిదో నీకు తెలుసు. మీ అత్తమ్మకు మాత్రం ఇది చెప్పకు. చెబితే జిల్లాలో ఆమెను పట్టలేం.

పాల్ సారు పడవ మీదే ఉన్నాడు. వానలు పోయేదాకా కొచ్చిన్లోనే. కంటి ఆపరేషన్‌కు నేను తీసుకుపోతానని చెప్పొచ్చాను.

నేల ఇంకా ఊగుతోంది. గోడకు ఆనుకొని రాస్తున్నాను.

తేజ


గద్వాల, పరదకు ఇవతల.

తేజా,

గట్టిగా దగ్గకు, పాప ఇప్పుడే పడుకుంది. నీ గొంతు వింటే కళ్ళు తిప్పుతోంది. దానికి నీ తిక్క మాటలు అప్పుడే అలవాటయ్యాయి.

వీపుకు మందు రాసుకున్నావా? ఇంకెప్పుడూ "సాఫీగా" అని రాయకు.

ఎల్లుండి దాకా ఆగు. అత్తమ్మను తిట్టకు. ఆమె నిన్న నీ కోసం జొన్నరొట్టెలు చేస్తూ, నీకు ఏమీ కాలేదని పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది.

అక్క


గద్వాల. ఇప్పుడు పరద లేదు.

అక్కా,

నువ్వు పక్క గదిలో నిద్రపోతున్నావు. లేపి చెప్పే మాట కాదు, నోటితో చెప్పగలిగిన మాట కూడా కాదు. అందుకే రాసి నీ దిండు కింద పెడుతున్నాను.

పొద్దున కంచు గిన్నె నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. నువ్వు పాపను ఎత్తుకొని నా వెనక, నా భుజం మీదుగా చూపిస్తూ నిలబడ్డావు. అయ్యగారు ఏదో చదువుతున్నాడు. మీ అత్తమ్మ నాకూ గోడకూ మధ్య కూర్చొని, నూనెను కాదు, నా ముఖాన్నే చూస్తోంది, గండం నాలోంచి బయటికి పోవడం కనిపిస్తుందేమో అన్నట్టు.

"కనవడ్డదా?" అన్నది.

కనబడలేదు. నూనె ఊగుతోంది. గిన్నె నా చేతుల్లో ఉంది, నా చేతులు ఇంకా పడవ మీదే ఉన్నాయి. మోచేతులు మోకాళ్ళకు ఆనించి ఊపిరి బిగబట్టాను. మెల్లగా నూనె నిలిచింది.

ముందు కనబడింది పాప కాదు. నువ్వు.

చెంపలు లేవు. పెదవులకు రంగు లేదు. పాపను పట్టుకున్న రెండు చేతుల మీదా, మోచేతుల దాకా, సూదులు గుచ్చిన నల్లటి మచ్చలు. బావ "పండుకున్నది" అన్న ఆ రోజంతా నువ్వు రక్తం ఎక్కించుకుంటూ ఉన్నావని అప్పుడు తెలిసింది. ఇందాక నీ ఉత్తరాలు మళ్ళీ తీసి చూశాను. పాప బాగానే ఉందని రాశావు. కుడిచేతి సూది మాట తప్ప నీ గురించి ఒక్క ముక్క లేదు. నేను కూడా పాప బతికి ఉందా అని అడిగాను, నువ్వెలా ఉన్నావని అడగలేదు.

నువ్వు ఏడుస్తున్నావు. నేను గోడ వైపు ఉన్నాను, వాళ్ళు నా వైపు చూస్తున్నారు, ఎవరికీ కనబడదనుకున్నావు.

"కనవడ్డదారా?" అని మళ్ళీ అడిగింది.

"కనవడ్డది" అన్నాను.

"అయితె ఇగ తిరుగు. సూస్కో నీ కోడల్ని."

నేను వెంటనే తిరగలేదు. గిన్నెలోకే చూస్తూ ఉన్నాను. ఆమె "ఏందిరా, గండం పోయింది, తిరుగు" అని నా భుజం తట్టింది. అయినా తిరగలేదు. నువ్వు పాపను ఒక చేతిలోకి మార్చుకొని, కొంగు తీసి, ఒక కన్ను, తరువాత ఇంకో కన్ను తుడుచుకున్నావు. ముఖం సర్దుకున్నావు. నాకోసం కొంచెం నవ్వు కూడా తెచ్చుకున్నావు.

అప్పుడు తిరిగాను.

తేజ